చదివిన చదువు – చేసిన పని

నేను శిక్షణ కళాశాలలో ఉపాధ్యాయ పట్టమునకు చదువుచున్న దినములలోని మాట. ఎనిమిదవ తరగతి వారికి వాయు పీడనమును గూర్చి బోధించి రమ్మని నన్ను సమీపమున నున్న ఒక ఉన్నత పాఠశాలకు పంపిరి. నా చేతిలో చక్కగా వ్రాసికొన్న పాఠ్య పథకము కలదు. హెర్బార్టు పండితుని పేర ప్రసిద్ధములైన అయిదు సోపానములును నాకు కంఠస్థములు. ఏ సోపానమునకు ఎన్ని నిమిషములు పట్టునో అంచున ఎర్రసిరాతో గుర్తు పెట్టుకొంటిని. గ్లాసు నిండ నీరు పోసి, దానిపై అట్టముక్క మూసి, తలక్రిందులు చేసినచో నీరు పడదు. బయటి గాలి ఆ అట్టను క్రిందినుండి అదిమి పట్టుకొని యుండును. ఈ ప్రయోగమును కళాశాలలో చూచితిని. దానిని గూర్చి వ్రాసితిని. పరీక్షలో మార్కులును తెచ్చుకొంటిని. నా చేతులతో చేయుట మాత్రము ఎన్నడును చేయలేదు.

ఆ పాఠశాలలో దొరికిన గ్లాసుతో ప్రయోగము మొదలుపెట్టితిని. గ్లాసు తిరుగవేసితినో లేదో అట్ట ఊడిపడినది. నీరంతయు బల్లపైనను, బల్లపై నున్న పాఠ్య పథకముపైనను పడి ఎర్రసిరా కరగి పారినది. తరగతి యంతయు గొల్లుమన్నది. మరల చేసితిని; మరల అదియే ఫలితము. అప్పుడు వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, “సార్, గ్లాసు అంచు పెచ్చు ఊడిందండీ. గాలి అందులోంచి దూరుతోంది” అనెను.

ఆ బాలుని తండ్రికి గోళీసోడాల అంగడి కలదట. సీసా మెడలోని రబ్బరు వాషరు అరిగినచో గోళీ బిగియదనియు, సోడాలో గ్యాసు నిలువదనియు వానికి చిన్ననాటినుండియు తెలియును. నేను తేరుకొని, “సరే, అంచు బాగున్న గ్లాసయితే అట్టను పడకుండా పట్టుకొనేది ఏమిటి?” అని అడిగితిని. వాడు తల గోకికొని, “ఏమోనండీ” అనెను.

నా పాఠమును పరీక్షించుటకు తరగతి వెనుక ఒక వృద్ధ ఉపాధ్యాయులు కూర్చుండిరి. గంట కొట్టిన పిదప వారు నన్ను దగ్గరకు పిలిచి, “నీకు తెలిసింది వాడికి తెలియదు. వాడికి తెలిసింది నీకు తెలియదు. మీ ఇద్దరినీ ఒక బల్లమీద కూర్చోబెట్టేవాడు కావాలోయ్!” అనిరి. చదువును గూర్చియు పనిని గూర్చియు నేను తరువాత చదివినదంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానముగనే నాకు తోచినది.

రెండు పక్షములు

పట్టా చేతబట్టుకొని ఉద్యోగమునకు పోయిన యువకుని యజమాని మొదట అడుగునది, ‘అనుభవ మున్నదా?’ అని. ‘ఉద్యోగ మిచ్చినగదా అనుభవము వచ్చుట’ అని యువకుడు మనసులో అనుకొనును. పెండ్లి అయినగాని పిచ్చి కుదురదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు అను సామెత ఇచ్చట అక్షరాల వర్తించుచున్నది. ఇరువురి మాటయు న్యాయమైనదే. కాని ఇరువురి నడుమ నున్న అగాధమున పడి నలుగుచున్నది మాత్రము విద్యార్థి.

ఈ విషయమున లోకము రెండు పక్షములై యున్నది. చదువంతయు వ్యర్థమనియు, పనిలో దిగిననాడే అసలు విద్య మొదలగుననియు వాదించువారు ఒక పక్షము. వారికి ‘చదువవేస్తే ఉన్న మతి పోయింది’ అను లోకోక్తి సిద్ధముగా నున్నది. చదువుకొన్నవాడు చేయి మురికి చేసికొనుట చిన్నతనమని తలచువారు రెండవ పక్షము. కుమారుడు ఇంజనీరు కావలెనని కోరుచునే, వాడు సెలవులలో యంత్రశాలకు పోయి నూనె మరకలతో ఇంటికి వచ్చినచో నొచ్చుకొను తల్లిదండ్రులు మన యూళ్లలో నేటికిని కలరు. మొదటి పక్షమువారు గోళీసోడా బాలుని మాత్రమే చూచుచున్నారు. రెండవవారు పాఠ్య పథకమును మాత్రమే చూచుచున్నారు.

పూర్వపు మార్గము

మన పెద్దల కాలమున పని నేర్చుటకు వేరు కళాశాల యుండెడిది కాదు; పని జరుగు చోటే కళాశాల. కంసాలి యింటి బాలుడు మొదట కుంపటి ఊదెను. తరువాత తీగె లాగెను. ఎన్నియో యేండ్లకుగాని బంగారము వాని చేతికి రాలేదు. సాలెవారి యింట పిల్లలు కండెలు చుట్టి, ఆసు పోసి, పడుగుపేకల మర్మము గ్రహించిన పిదపనే మగ్గపు గుంటలో దిగిరి. చూచుట, చేయుట, తప్పు దిద్దుకొనుట – ఈ మూడును ఒకే చోట, ఒకే గురువు కంటి యెదుట జరిగినవి. ‘అభ్యాసము కూసు విద్య’ యని మనవారన్నది ఇట్టి అనుభవముతోనే.

అయినను ఆ పద్ధతిని తలచి కన్నీరు కార్చుటకు పూర్వము దాని లోపమునుకూడ ఒప్పుకొనవలెను. అచ్చట ఎవడు ఏ పని నేర్వవలెనో వాని పుట్టుక నిర్ణయించెను. సాలెవాని కుమారునికి వైద్యము, కంసాలి కూతురికి గణితము అందని పండ్లే. మరియు ‘ఎట్లు’ అను ప్రశ్నకు సమాధానము దొరకెనుగాని, ‘ఎందుకు’ అను ప్రశ్నకు చోటు లేదు. తాతలనాటి పద్ధతి చెల్లినంతకాలము ఆ విద్య చెల్లినది. మరమగ్గము వచ్చిన నాడు దానికి బదులు చెప్పలేక తెల్లబోయినది.

ఆంగ్లేయుల కాలమున వచ్చిన విద్య రెండు పాయలుగా ప్రవహించినది. ఒక పాయ పని అవసరమునుండియే పుట్టినది. భూమి కొలుచుటకు మనుష్యులు కావలసి 1794లో మద్రాసులో మైకేల్ టాపింగు అను ఖగోళజ్ఞుని చేతిమీదుగా సర్వే పాఠశాల వెలసినది. అదియే కాలక్రమమున గిండీ ఇంజనీరింగు కళాశాల యైనది. గంగా కాలువ త్రవ్వుటకు శిక్షణ పొందినవారు కావలసి 1847లో రూర్కీ కళాశాల ఏర్పడినది. కాలువపై నిర్మాణము సాగుచుండగా చెంతనే పాఠములు జరిగినవి. 1854లో కాలువలో నీరు పారినది. ఇచ్చట పని ముందు, కళాశాల వెనుక.

రెండవ పాయ వేరు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు స్థాపితములైనప్పుడు అవి ప్రధానముగా పరీక్షలు నడపి పట్టములిచ్చు సంస్థలే. బోధన యంతయు అనుబంధ కళాశాలలది. పరీక్షయే విశ్వవిద్యాలయమైనచోట విద్యార్థికి పరీక్షయే విద్యయగుట ఆశ్చర్యము కాదు. పట్టము సర్కారు కొలువునకు తాళపుచెవి యైనది. గుమాస్తా పనికిని, న్యాయవాద వృత్తికిని అది కొంతవరకు చాలినది. ఆ తాళపుచెవికి సరిపోవు తలుపులు కొద్దియై, తాళపుచెవులు లక్షలైన దినమున మన కష్టములు మొదలైనవి.

ఈ ప్రమాదమును ముందుగా గుర్తించిన తెలుగువారు లేకపోలేదు. కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లో బందరున నడపనారంభించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో సాహిత్య శాస్త్రములతోపాటు చేతిపనులకును, చిత్రకళకును స్థానము కలిగినది. అడివి బాపిరాజు అచ్చటనే ప్రమోదకుమార చటోపాధ్యాయుని కడ చిత్రకళ నభ్యసించి, తరువాత ఆ కళాశాలకే ప్రధానాచార్యుడయ్యెను. పిదప 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యయు పనిని చదువునకు కేంద్రముగా నిలుపవలెననినది. 1966లో తన నివేదిక సమర్పించిన కొఠారీ సంఘము ‘పని అనుభవము’ పాఠశాల విద్యలో భాగము కావలెనని చెప్పినది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘము దానికి సమాజోపయోగకరమైన ఉత్పాదక కార్యమని మరియొక పేరు పెట్టినది. పేర్లు మారినవి. పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడును లెక్కల మాస్టారికి అప్పగించు ఆచారము మాత్రము మారలేదు. ఇది మనలో ఎవరికి తెలియని రహస్యము?

సిన్సినాటి ప్రయోగము

చదువును, పనిని ఒక బల్లపై కూర్చుండబెట్టుటకు జరిగిన ప్రయత్నములలో మిక్కిలి చెప్పుకొనదగినది అమెరికాలో జరిగినది. హెర్మన్ ష్నైడరు అను అధ్యాపకుడు పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు బోధించుచుండెను. ఆ విశ్వవిద్యాలయమునకు చెంతనే పెద్ద ఉక్కు కర్మాగారము కలదు. ఒక ప్రక్క కొలిమి, ఒక ప్రక్క నల్లబల్ల; నడుమ మాటలేదు. వృత్తిలో రాణించిన పట్టభద్రులను ఆయన పరిశీలించి చూడగా, వారిలో పెక్కుమంది చదువునకు ముందో, చదువుచుండగనో, సెలవులలోనో ఏదో యొక పని చేసినవారే యని తేలినది. అందుచే కర్మాగారమునకు తగిన యంత్రములు కొని కళాశాలలో పెట్టుటకంటె, విద్యార్థినే కర్మాగారమునకు పంపుట మేలని ఆయన తలచెను.

ఈ యూహను అంగీకరించు విద్యాలయము వెంటనే దొరకలేదు. ఆయన 1903లో సిన్సినాటి విశ్వవిద్యాలయమునకు మారెను. ఆ నగరము యంత్రములను తయారుచేయు యంత్రములకు పేరుపొందినది. తుదకు 1906లో 27 మంది విద్యార్థులతో ప్రయోగము మొదలైనది. విద్యార్థులను జంటలుగా చేసిరి. ఒకడు ఒక వారము కర్మాగారమున పనిచేయును. వాని జతగాడు ఆ వారము తరగతిలో కూర్చుండును. మరుసటి వారము ఇరువురును తావులు మార్చుకొందురు. ఈ యేర్పాటువలన యజమానికి పని ఆగదు. కళాశాలకు తరగతి ఆగదు. విద్యార్థికి చేసిన పనికి కూలి ముట్టును.

ఇంతవరకు చెప్పినది యేర్పాటు మాత్రమే. ప్రయోగమునకు ప్రాణము వేరొకచోట నున్నది. కర్మాగారమునకును తరగతికిని నడుమ తిరుగుటకు కళాశాల కొందరు అధ్యాపకులను నియమించినది. వారు యంత్రముకడకు పోయి విద్యార్థి ఏమి చేయుచున్నాడో చూతురు. తరగతికి వచ్చి ఆ పనిలోని శాస్త్రమేమో వానిచేతనే చెప్పింతురు. ఇనుము ఎందుకు పగిలినది? ఈ పండ్లచక్రమునకు ఇన్ని పండ్లే ఎందుకు? పనిచోట పుట్టిన ప్రశ్న తరగతిలో జవాబు వెదకికొనును. తరగతిలో పుట్టిన సందేహము మరుసటి వారము యంత్రముకడ తీరును. మా వృద్ధ ఉపాధ్యాయులు చెప్పిన ‘ఒక బల్లమీద కూర్చోబెట్టేవాడు’ ఇతడే. అతడు లేనిచో విద్యార్థి వారము విడిచి వారము కూలివాడును, వారము విడిచి వారము శ్రోతయు మాత్రమే.

1909లో బోస్టనులోని నార్త్‌ఈస్టర్న్ ఈ పద్ధతిని అందుకొనినది. 1921లో ఒహాయోలోని ఆంటియోక్ కళాశాల సాహిత్య, చరిత్రాదులు చదువువారికిని పనిని జోడించినది. ఇంజనీరునకే కాదు, ఏ విద్యార్థికైనను పని అవసరమే యని దీని భావము. 1957లో కెనడాలో వెలసిన వాటర్లూ విశ్వవిద్యాలయమునకు ఈ పద్ధతియే పునాది. చదువుకొరకు ఆ దేశములకు పోయిన మన తెలుగు పిల్లలు ఇండ్లకు వ్రాయు మాటలలో ‘కో-ఆప్’ అను పదము తరచుగా వినబడును. దాని మూలము 1906 నాటి ఆ 27 మంది విద్యార్థులలో ఉన్నది.

పనులలో భేదము

పని యనగానే అన్ని పనులును ఒకటియేనా? ఈ ప్రశ్నకు జవాబుగా భీమవరములో 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు జీవితమును తలచికొందము. మద్రాసులో వైద్యము చదివి, 1920 తరువాతి తొలి యేండ్లలో ఆయన అమెరికా చేరి హార్వర్డులో ప్రవేశించెను. పొట్ట గడచుటకు ఆసుపత్రిలో రాత్రివేళ ఊడిగపు పని చేసెను. ఆ పనిలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. అది ఆయన చదువును నిలిపినది. కాని ఆయనను శాస్త్రజ్ఞుని చేసిన పని అది కాదు. పగలు ఫిస్కే అను ఆచార్యుని ప్రయోగశాలలో రక్తమునందలి భాస్వరమును కొలుచు విధానమునకై ఆయన చేసిన పని వేరు. అచ్చట చేయి తప్పు చేసిన మనసు దిద్దినది; మనసు ఊహించినదానిని చేయి పరీక్షించినది. 1925లో ఇరువురి పేర ప్రకటితమైన ఆ విధానము ప్రపంచమందలి ప్రయోగశాలల కెక్కినది. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ ఉనికి వారి కృషివలన వెల్లడియైనది.

పొట్ట నింపు పని యొకటి, విద్యను పెంచు పని యొకటి. పేద విద్యార్థికి రెండును కావలసియుండును. రెంటిని ఒకటిగా చేయగలిగిననాడు అతని అదృష్టము పండినట్లే. కాని మొదటిదానిని చూపి రెండవదని నమ్మించుట మోసము. ఆరు నెలలు కాగితములు నకలు తీయుటకును, పెద్దలకు టీ తెచ్చుటకును వినియోగించి, తుదకు ‘అనుభవము గడించినాడు’ అని ధ్రువపత్రము చేతికిచ్చుట ఆ మోసమే.

అట్లని తరగతి చదువును తక్కువ చేయరాదు. ముద్రణాలయములలో అక్షరములు పేర్చిన కంపోజిటర్లను ఎరిగినవారు ఇంకను మనలో కలరు. కేసులోని ఏ గడిలో ఏ అక్షరమున్నదో కన్ను చూడకయే వారి వ్రేళ్లకు తెలియును. తలకట్లు, గుడులు, ఒత్తులు – తెలుగు అక్షరములను సీసముతో కూర్చుట సామాన్యమైన నేర్పు కాదు. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో కంప్యూటరు వచ్చినది. ఆ గడులతో పని లేకపోయినది. వ్రేళ్లలో మాత్రమే విద్యయున్నవారు వీధిని పడిరి. చేతి నేర్పుతోపాటు భాషను, పుట కూర్పులోని సూత్రమును గ్రహించినవారికి మాత్రము క్రొత్త పరికరము ముందు కూర్చుండుట తేలికయైనది. చేయి నేర్చినది నేటికి. బుద్ధి నేర్చినది రేపటికి. పని మారిన దినమున మనిషిని నిలుపునది సూత్రజ్ఞానమే. దానిని సావకాశముగా నేర్పగల చోటు కళాశాలయే.

మరి పనిచోటు నేర్పునదేమి? మొదటిది, కాలము. తరగతిలో ఆలస్యమైన మార్కు పోవును. పనిలో ఆలస్యమైన మరియొకని పని ఆగును. రెండవది, వస్తువుల మొండితనము. పుస్తకములోని గ్లాసు అంచు ఎన్నడును విరుగదు. బల్లమీది గ్లాసు అంచు విరిగి యుండును. మూడవది, మనుష్యులు. తనకంటె తక్కువ చదివి ఎక్కువ తెలిసినవానికి నమస్కరించి నేర్చికొనుట ఏ పాఠ్యగ్రంథములోను లేదు. నాలుగవది, తప్పునకు బాధ్యత. పరీక్షలోని తప్పు తనకు మాత్రమే నష్టము. రోగి మంచముకడ తప్పునకు మరియొకడు బలియగును. వైద్య విద్యార్థి పరీక్ష లన్నియు గెలిచినను ఒక యేడాది హౌస్ సర్జనుగా పనిచేయనిదే పూర్తి వైద్యుడుగా నమోదు కాకుండుట ఇందుకొరకే.

నేడు మన దేశమున

ఈ సత్యమును మన ప్రభుత్వములు గుర్తింపలేదనుట న్యాయము కాదు. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చినది. పరిశ్రమలు నియమితసంఖ్యలో యువకులను చేర్చుకొని భత్యమిచ్చి పని నేర్పవలెనని అది శాసించినది. 1973లో ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమా వారినికూడ అందులోనికి తెచ్చిరి. ఆ 1973లోనే పిలానీలోని బిట్స్ సంస్థ తన విద్యార్థులను పరిశ్రమలకు పంపుచు, వారితో అధ్యాపకులనుకూడ పంపు పద్ధతిని ఆరంభించినది. సిన్సినాటి రహస్యమును సరిగా పట్టుకొన్నది. వ్యవసాయ కళాశాలల విద్యార్థులు పల్లెలలో నిలిచి, రైతు వెంట పొలమునకు పోయి, విత్తుటనుండి విక్రయమువరకు గమనించు ఏర్పాటు కలదు. మన ఉపాధ్యాయ విద్యలోను 2014 నాటి నిబంధనలు బి.ఎడ్. చదువును రెండేండ్లు చేసి, అందు 20 వారములు పాఠశాలలో గడపవలెననినవి. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానము అన్ని చదువులకును పని శిక్షణను జోడింపుమనినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ విద్యార్థులకు మొత్తము పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసిరి.

చట్టము తలుపు తెరువగలదు, లోపలికి నడిపింపలేదు. కాగితముమీది పది నెలలు పనిలో ఎన్ని దినములగునో అధ్యాపకు లెరుగుదురు. ప్రాజెక్టు నివేదికలు అట్టలు వేసి అమ్మబడుచున్నవి. ఒకే నివేదిక పేరుమాత్రము మారి నలుగురి చేతులలో కనబడుచున్నది. చిన్న పట్టణములోని కళాశాలకు చుట్టుప్రక్కల పరిశ్రమయే యుండదు. పెద్ద నగరమునకు పోయి భత్యము లేక మూడు నెలలుండుటకు కూలివాని బిడ్డకు శక్తి యుండదు. ఒంటిగా పరాయి యూరిలో ఆడుబిడ్డ ఉండవలెనన్న తల్లిదండ్రుల గుండె ఒప్పదు. కలిగినవారి పిల్లలు బంధువుల సంస్థలలో చేరి అనుభవమును గడించుచుండగా, లేనివారి పిల్లలు ధ్రువపత్రమును కొనుచున్నారు. చదువువలన తొలగవలసిన భేదము ఈ విధముగా పెరిగినచో ఏమి లాభము? పని నేర్చువానికి భత్యమిచ్చుట దయ కాదు; ఆ శిక్షణ అందరికిని అందుటకు అది మొదటి షరతు.

మన చేతిలో నున్నది

ఉపాధ్యాయ మిత్రులారా, ఇదంతయు విశ్వవిద్యాలయముల వ్యవహారమని మనము ఊరకుండరాదు. పరిశ్రమ లేని యూరు ఉండవచ్చును. పని లేని యూరు ఉండదు. తపాలా కార్యాలయము, సహకార సంఘము, బ్యాంకు, విద్యుత్ ఉపకేంద్రము, బియ్యపు మిల్లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, వడ్రంగి కొట్టు – ఇవన్నియు మన పాఠశాలకు నడచి పోగలిగిన దూరముననే యున్నవి. నెలకొక దినము ఒక తరగతిని తీసికొనిపోయి, తిరిగివచ్చిన పిదప మూడు ప్రశ్నలు అడిగిన చాలును: అచ్చట ఏమి జరుగుచున్నది? అది అట్లే ఎందుకు జరుగుచున్నది? మీరు చదివిన ఏ పాఠమునకు దానితో సంబంధము? మూడవ ప్రశ్నకు జవాబు రానిచో లోపము పిల్లలది కాదు, మన పాఠముది.

విద్యార్థులకు ఒక్క మాట. మీకు దొరికిన పని చిన్నదని చింతింపకుడు. లెక్కల పుస్తకము వ్రాయుమన్నను, కొట్టులో సరకు లెక్కింపుమన్నను, వెంట ఒక చిన్న పుస్తకము ఉంచుకొనుడు. ప్రతి సాయంత్రమును అందు రెండు వాక్యములు వ్రాయుడు: నేడు నాకు తెలియక ఆగిన చోటు ఏది? దానిని ఏ గ్రంథమున, ఏ మనిషికడ తెలిసికొందును? పరీక్షకు ఈ పుస్తకము అక్కరకు రాకపోవచ్చును. ఉద్యోగమునకు పిలిచినవారు ‘అనుభవ మున్నదా?’ అని అడిగిననాడు చెప్పుటకు నీకు నిజమైన మాటలుండును. ధ్రువపత్రమును కొనవచ్చును, ఆగిన చోటును, దాటిన చోటును చెప్పగలుగుటను కొనలేము.

నా శిక్షణ ముగియుటకు ముందు ఆ పాఠశాలలో నాకింకొక పాఠము మిగిలియుండెను. ఈమారు ముందటి దినము సాయంత్రమే పోయి, గ్లాసులన్నింటి అంచులును తడవి చూచి, ఒకదానిని ఏరి ప్రక్కన పెట్టుకొంటిని. తరగతిలో ఆ గోళీసోడా బాలునే బల్లకడకు పిలిచి, ప్రయోగము వానిచేతనే చేయించితిని. నీరు పడలేదు. వాడు గ్లాసును తలక్రిందులుగా పట్టుకొనియే చాలసేపు నిలిచెను. “సార్, మరి సోడాసీసాలో గోళీని పైకి తోసేది లోపలి గ్యాసు, ఇక్కడ అట్టను పైకి తోసేది బయటి గాలి. అంతేనాండీ?” అనెను. పాఠ్య పథకములో లేని వాక్యమది. అయిదు సోపానములలో చివరిదైన అన్వయమునకు నేను వ్రాసికొన్న ఉదాహరణ వేరు. దానిని చెప్పుట మానుకొంటిని.

వెనుక బల్లపై మా వృద్ధ ఉపాధ్యాయులు ఏమియు అనలేదు. నేను చూచునప్పటికి వారు ఆ బాలుని ప్రక్కన ఖాళీయైన చోటికి జరిగి కూర్చుండి, వాని పుస్తకములో ఏమి వ్రాసినాడో చూచుచుండిరి.